శనివారం నీళ్ళు, సోమవారం రిపోర్టు

నేను పనిచేసిన ఆఫీసులో ఈమధ్య మన తెలుగు అమ్మాయిలు ఇద్దరు చేరారు. ఒకమ్మాయిది హౌరాలో మా టికియాపారా రైల్వే క్వార్టర్సే. రెండో అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. మొన్నొక ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ఇద్దరూ నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, ఈ ఉద్యోగం గురించి ఏమైనా చెప్పండి" అన్నారు. నిలబడి చెప్పేది కాదమ్మా, రాసిస్తాను అన్నాను. టికియాపారా పిల్లకి తెలుగు ఇంట్లో మాట్లాడటమే గానీ చదవడం సరిగ్గా రాదు. హైదరాబాదు పిల్ల చదివి వినిపిస్తుందట. సరే, వినండి.

ఇంగ్లీషులో రాస్తే ఇద్దరూ హాయిగా చదువుకునేవాళ్ళు కదా అంటారేమో. ముప్పై ఏళ్ళకు పైగా రిపోర్టులన్నీ ఇంగ్లీషులోనే రాశాను. వాటిలో 'నమూనా సేకరించబడినది' అన్నట్టు రాస్తాం. ఎవరు సేకరించారు, ఏ తొందరలో సేకరించారు, తర్వాత దాన్ని ఏం చేశారు అన్నవి అందులో ఉండవు. మా అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బైబిలు చదివించి నేర్పిన తెలుగులో నాకు అలా రాయడం చేతకాదు. తప్పు చేసింది నేనైతే నేనని రాయాల్సిందే. అందుకే తెలుగులో రాస్తున్నాను.

ప్రమోషన్ల గురించీ ఫైళ్ళ గురించీ రాయను. అవి మీరే నేర్చుకుంటారు, అక్కర్లేనంత నేర్చుకుంటారు. నేను ఒక చిన్న వాగు గురించి రాస్తాను. దాని పేరు శాలుక్‌ఖాల్, ఖాల్ అంటే బెంగాలీలో వాగు. ఊరికి దక్షిణపు అంచున, పాత చేపల చెరువుల వెనక నుంచి పారేది. నలుగురు చేతులు చాచి వరసగా నిలబడితే ఈ గట్టు నుంచి ఆ గట్టుకి సరిపోయేంత వెడల్పు. ఇప్పుడది లేదు. అది లేకుండా పోవడంలో నా చెయ్యి ఉంది. అది చెప్పడానికే ఈ కాగితాలు.

పని ఏమిటంటే

వాగు ఆరోగ్యంగా ఉందా లేదా చూడటం మా పని. జనం అనుకునేది సీసాలో నీళ్ళు పట్టుకొచ్చి లేబొరేటరీలో పరీక్ష చేస్తామని. అదీ చేస్తాం. కానీ సీసాలో నీళ్ళు ఆ గంట సంగతే చెబుతాయి. పొద్దున ఎవరో పైన ఏదో ఒంపేసి, మధ్యాహ్నానికి అది కొట్టుకుపోతే, సాయంత్రం సీసా అమాయకంగా ఉంటుంది. అడుగున బురదలో, నాచులో, రాళ్ళ కింద బతికే పురుగులు అలా కాదు. అవి నెలల తరబడి అక్కడే ఉంటాయి. అక్కడ జరిగిందంతా అనుభవిస్తాయి.

కొన్ని పురుగులు ఎంత మురికిలోనైనా బతుకుతాయి. ఎర్రగా దారప్పోగుల్లా మెలికలు తిరిగే పురుగులు అలాంటివి. కొన్ని కొంచెం కంపు తగిలితే చాలు, పోతాయి. వాటిలో ఒకటి వడ్లగింజంత ఉంటుంది, వెనక మూడు సన్నని తోకలుంటాయి. దానికి శాస్త్రంలో పెద్ద పేరుంది. మేం మాత్రం 'మూడు తోకలది' అనేవాళ్ళం. అది ఉంటే ఆ నీళ్ళకి ప్రాణం ఉన్నట్టే. వల అడ్డం పెట్టి, కాలితో అడుగు కెలికి, కొట్టుకొచ్చినవాటిని తెల్ల ట్రేలో పోసి, ఏ రకాలు ఉన్నాయో చూసి, ఒక్కో రకానికి ఇన్ని మార్కులని వేస్తాం. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. ఆ మార్కుల మీద ఊళ్ళు నమ్మకం పెట్టుకుంటాయి.

వాసన సంగతి ఎవరూ ముందు చెప్పరు. మొదటి ఏడాది నా చేతుల్లోంచి బురద వాసన పోలేదు. మా అమ్మ చేత్తో అన్నం ముద్ద చేసి నోట్లో పెట్టేది, నా చెయ్యి నాకే వాంతి తెప్పిస్తుందని. తర్వాత అలవాటైపోయింది. ఏ వాగుది ఏ వాసనో కళ్ళు మూసుకుని చెప్పగలిగే దాకా వచ్చాను. అందులో గొప్పేం లేదు. మీకూ వస్తుంది.

లాహిరి బాబు

నా మొదటి బాస్ లాహిరి బాబు. కోపిష్టి మనిషి. ఎప్పుడూ నలిగిన చొక్కా, జేబులో తమలపాకుల పొట్లం. నీళ్ళ దగ్గరికి వెళ్ళగానే వల తీస్తే చెయ్యి మీద కొట్టినంత పని చేసేవాడు. "ముందు కూర్చో. అరగంట కూర్చో. ఎవరు వస్తున్నారు, ఏం కడుగుతున్నారు, ఏం ఎత్తుకెళ్తున్నారు చూడు. తర్వాత దిగు" అనేవాడు. నాకు చిరాకు వేసేది. ఎండలో గట్టు మీద కూర్చోవడానికా ఎమ్మెస్సీ చదివింది అనిపించేది.

ఆయన దగ్గర చేరిన కొత్తలో ఒక చెరువు చూడమని పంపారు. మధ్యాహ్నం వెళ్ళాను. నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. ఆక్సిజన్ కొలిస్తే నేను అంతవరకూ ఎక్కడా చూడనంత వచ్చింది. బ్రహ్మాండంగా ఉందని సంతోషంగా రాసిచ్చాను. రెండో రోజు తెల్లారేసరికి ఆ చెరువులో చేపలన్నీ వెల్లకిలా తేలాయి. నాచు ఎండలో ఊరికే ఆక్సిజన్ వదులుతుంది, చీకటి పడ్డాక ఉన్నదంతా అదే పీల్చుకుంటుంది. చేపలకి మిగలదు. ఈ ముక్క పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను నేను. చెరువు దగ్గర మాత్రం గుర్తు రాలేదు.

లాహిరి బాబు తిడతాడనుకుంటూ వెళ్ళాను. ఆయన తిట్టలేదు. "పగటిపూట అందరం బాగానే ఉంటాం అమ్మాయ్" అన్నాడు, అంతే. ఆ చేపలు పెంచుకున్నవాళ్ళ దగ్గరికి నన్ను తీసుకెళ్ళి, నా చేతే వాళ్ళకి చెప్పించాడు, నేను పొరపాటు రాశానని. వాళ్ళలో ఒకాయన నన్ను నానా మాటలూ అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఏడ్చాను. లాహిరి బాబు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు ఆయన నేర్పింది నాకు జీవితాంతం గుర్తుండాలి. ఉండలేదు.

సింహాచలం బాబాయి

మా ఆఫీసులో అటెండరు సింహాచలం. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ మునిసిపాలిటీలో కాలువలు తీసే పనిలో చేరాడు. సింహాచలం కూడా కుర్రతనంలో ఆ పనే చేసి, తర్వాత మా ఆఫీసుకి వచ్చాడు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఆఫీసులో అందరిలాగే నేనూ 'సింహాచలం' అని పేరు పెట్టి పిలిచేదాన్ని, ఆయన నన్ను 'మేడం' అనేవాడు. నీళ్ళ దగ్గరికి వెళ్ళాక మాత్రం 'బాబాయ్' అనేదాన్ని, ఆయన 'పాపా' అనేవాడు. ఈ ఏర్పాటు మేం మాట్లాడుకుని చేసుకున్నది కాదు. మొదటిసారి బురదలో కాలు జారి పడబోతే, చెయ్యి పట్టుకుని "సూసుకో పాపా" అన్నాడు, అప్పటి నుంచి అలా అయిపోయింది.

ఆయన చెప్పులు విప్పి నీళ్ళలోకి దిగి, కాసేపు నిలబడి, వల వెయ్యకముందే చెప్పేవాడు. "ఇక్కడేటీ లేదు పాపా, అడుగు సబ్బులా జారతంది" అనో, "ఇక్కడ ఎయ్యి వల, కాళ్ళకి సలసల్లగా ఇసక తగల్తంది" అనో. మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత ట్రేలో చూస్తే ఆయన చెప్పినట్టే ఉండేది. ఆయన పాదాలకి ఎప్పుడూ ఏదో ఒక పుండు ఉండేది. రబ్బరు బూట్లు ఇప్పించమని నేను రెండుసార్లు రాసి, మూడోసారి రాయడం మానేశాను. అదొక తప్పు. చిన్నదే అని మానేశాను.

ఈ ఉద్యోగంలో మీకన్నా తక్కువ జీతం తీసుకునేవాళ్ళలో ఒకరికి మీకన్నా ఎక్కువ తెలిసి ఉంటుంది. వాళ్ళెవరో మొదటి నెలలోనే కనుక్కోండి.

ఆ శనివారం

లాహిరి బాబు రిటైరైపోయాడు. ఆయన కుర్చీలోకి మిత్రబాబు వచ్చాడు. శుభ్రమైన మనిషి, మాట మర్యాద. ఆ రోజుల్లో ఊరి అంచున ఉన్న వాగుల్నీ కాలువల్నీ రెండు జాబితాలు చేస్తున్నారు. ప్రాణం ఉన్నవి ఒక జాబితా, లేనివి ఇంకొకటి. ప్రాణం ఉన్నవాటికి పూడిక తీసి గట్లు బాగుచేస్తారు. లేనివాటికి సిమెంటు గోడలు కట్టి, పైన పలకలు పరిచి, దాని మీద రోడ్డు వేస్తారు. శాలుక్‌ఖాల్ ఏ జాబితాలోకి వెళ్ళాలో నేను చెప్పాలి. మంగళవారానికల్లా రిపోర్టు బల్ల మీద ఉండాలన్నారు.

శనివారం పొద్దున నేనూ సింహాచలం బాబాయీ వెళ్ళాం. ఎండ అప్పటికే దంచుతోంది. లాహిరి బాబు నేర్పినట్టు గట్టు మీద కూర్చున్నాను. ఒక రేవు దగ్గర పాతికేళ్ళ మనిషి మోకాలి లోతు నీళ్ళలో వంగి గుగ్లీలు ఏరుతోంది. గుగ్లీలంటే చిన్న నత్తలు. బెంగాలీవాళ్ళలో చాలామంది ఉల్లిపాయలూ కారం వేసి వండుకుంటారు. ఆమె పేరు మాలతి. రోజూ ఒక గంపెడు ఏరి బజారులో అమ్ముతుంది. ఆ రేవు చుట్టూ చెత్త పడనిచ్చేది కాదు. ఎవరైనా పైనుంచి ప్లాస్టిక్ సంచి విసిరితే నీళ్ళలోంచే కేకలేసేది. నా ముందే ఒకణ్ణి తిట్టి, వాడి సంచి వాడిచేతే తీయించింది. నాకు భలే నచ్చింది.

బాబాయి దిగాడు. నాలుగు చోట్ల వల వేశాడు. వలలో పడ్డవాటితో నాలుగు సీసాలు నింపాం. చివరి సీసా నింపేటప్పుడు ఆయన అరచెయ్యి చాచి, "సూడు పాపా" అన్నాడు. సీసాలో వేయబోతున్న మూడు తోకలవి రెండు ఆయన చేతి మీద పాకుతున్నాయి. సంతోషంతో మాలతిని పిలిచి చూపించాను. ఇది ఉంటే మీ నీళ్ళు మంచివని అర్థం అని బెంగాలీలో చెప్పాను. ఆమె తడి చేతులు చీరకి తుడుచుకుని దగ్గరికి వచ్చి చూసింది.

"ఇన్నాళ్ళూ ఇది మా నీళ్ళలో ఉందా! అయితే మా ఖాల్ పాసవుతుందా దీదీ?"

"అవుతుంది" అన్నాను.

"పాసవకపోతే మూసేస్తారట కదా. నాకింకో పని రాదు దీదీ."

"అవుతుందని చెప్పాను కదా" అన్నాను. పక్కన మెట్టు మీద ఆమె తోమిన గిన్నెలూ సబ్బు ముక్కా కనిపించాయి. ఆఫీసరు నోటికి సలహా ఊరికే వస్తుంది. "ఇక్కడ సబ్బుతో తోమకు మాలతీ, ఈ పురుగులకి పడదు" అని ఒక మాట అనేసి సంచి భుజానికి తగిలించుకున్నాను.

సాల్ట్ లేక్‌లో మా లేబొరేటరీకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మరునాడు మట్టల ఆదివారం, ఈస్టరుకి ముందు వచ్చే పండుగ. సాయంత్రం చర్చిలో పాటల ప్రాక్టీసు, హార్మోనియం వాయించేది నేనే. సాల్ట్ లేక్ నుంచి టికియాపారా అంటే బస్సులు మారి, హౌరా బ్రిడ్జి మీద ఇరుక్కుని, ఎప్పటికి చేరతానో తెలియదు. సీసాలు బల్ల మీద పెట్టాను.

"స్పిరిట్ పోసేయనా మేడం?" అన్నాడు బాబాయి.

స్పిరిట్ పోస్తే పురుగులు చచ్చిపోయి, చచ్చినవి చచ్చినట్టే చెడకుండా ఉంటాయి. పోయకపోతే అదే రోజు, కదులుతుండగా ఏరుకోవాలి. కదిలే పురుగు ట్రేలో తేలిగ్గా కనబడుతుంది. స్పిరిట్‌లో పాలిపోయినదాన్ని వెతకడం కళ్ళకి శ్రమ. "వద్దు, ప్రాణంతోనే చూడాలి. సోమవారం పెందలాడే వచ్చేస్తాను" అన్నాను. అంతకుముందోసారి సంచిలో సీసా కారి చీర పాడైంది. అప్పటినుంచీ మూతలు బిగించి పెట్టడం నాకు అలవాటు. ఆ రోజూ గట్టిగా బిగించాను. స్పిరిట్ సీసా అల్మరాలో ఉంది. తాళంచెవి నా దగ్గరే ఉంది. అయిదు నిమిషాల పని.

ప్రాక్టీసుకి వేళకే చేరాను. చాలా బాగా వాయించానని పాస్టరుగారు మెచ్చుకున్నారు.

సోమవారం

మూత తీయగానే తెలిసిపోయింది. వాసన గురించి ముందే చెప్పాను కదా. ఎండాకాలం, మూసిన గది, బిగించిన మూతలు, రెండు రాత్రులూ ఒక పగలూ. నీళ్ళలో ఉన్న కాస్త ఊపిరీ అయిపోయింది. ట్రేలో పోశాను. ఎర్ర పురుగులు బ్రహ్మాండంగా కదులుతున్నాయి, వాటికి ఊపిరితో పెద్ద పని లేదు. నత్తలు మూతులు మూసుకుని ఉన్నాయి. తూనీగ పిల్లలు రెండు, బలిసి ఉన్నాయి. దొరికిన మెత్తటివాటినల్లా తినేసి, అవీ చివరికి కదలకుండా పడి ఉన్నాయి. మిగిలింది బూడిదరంగు గుజ్జు. మూడు తోకలది ఒక్కటీ లేదు. నాలుగు సీసాల్లోనూ లేదు.

బాబాయి నా భుజం మీదుగా చూస్తున్నాడు. ఆఫీసులో ఎప్పుడూ అననిది ఆ రోజు అన్నాడు.

"మూడు తోకలియ్యి ఏటయిపోనాయి పాపా?"

"ట్రేలో లేవు సింహాచలం."

"శనివారం నా సేతిమీద పాకినాయి కదా. నువ్వూ సూసినావు."

"ట్రేలో లేనిది రాయకూడదు."

అది నిజంగా మా పనిలో మొదటి రూలే. ట్రేలో ఉన్నదే రాయాలి. నమ్మకాలూ జ్ఞాపకాలూ రాయకూడదు. ఎంత మంచి రూలు చూడండి. దాని వెనక ఎంత పెద్దమనిషైనా దాక్కోవచ్చు.

"అయితే మళ్ళీ ఎల్దాం పద" అన్నాడు. "నీకు కుదరకపోతే నానొక్కణ్ణే ఎల్లొత్తాను. అరపూటలో ఎత్తుకొచ్చేత్తాను. ఈసారి స్పిరిట్ పట్టుకెల్దాం."

మళ్ళీ వెళ్ళాలంటే మొదటి నమూనా ఎందుకు పాడైందో రాయాలి. పాటల ప్రాక్టీసు ఉందని సీసాలు వదిలేసి వెళ్ళిపోయానని మిత్రబాబుకి చెప్పాలి. ఆ ఫ్లోర్‌లో ఆఫీసరు ర్యాంకులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఆదివారం డ్యూటీ పడితే మొహం మాడ్చుకుంటానని వెనక ఎవరెవరో నవ్వుకునేవాళ్ళు. వాళ్ళకి ఈ ముక్క దొరుకుతుందని భయం వేసింది. పరువు అడ్డొచ్చింది. దానికి ఇంకో పేరు పెట్టను.

"టైం లేదు. ఈ ఒక్క వాగు కోసం అందరూ ఆగరు" అన్నాను.

ఆయన ట్రే తీసుకుని కడగడానికి సింకు దగ్గరికి వెళ్ళాడు. "సరే మేడం" అన్నాడు.

ట్రేలో చూసినదానికి మార్కులు వేశాను. ఒక్క అంకె కూడా అబద్ధం రాయలేదు. ఆ మార్కులకి శాలుక్‌ఖాల్ రెండో జాబితాలోకి వెళ్ళింది.

మిత్రబాబు కాగితం చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "ఇది ఖాయమేనా? పైన చెరువుల నీళ్ళు మంచివేనని విన్నాను." ఖాయమే అన్నాను. పై అధికారుల మీద చాలా చెడ్డ మాటలు చెప్పగలను, చెప్పాల్సినవాళ్ళూ ఉన్నారు. ఈయన మీద మాత్రం చెప్పలేను. ఒక్క రోజు గడువు అడిగితే ఇచ్చేవాడు. నేను అడగలేదు.

ఆ తర్వాత

సింహాచలం బాబాయి నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. తర్వాత ఎన్నో వాగుల దగ్గరికి కలిసి వెళ్ళాం. నీళ్ళలో దిగినా, బురదలో నా చెయ్యి పట్టుకున్నా, 'మేడం' అనే అన్నాడు. నేను 'బాబాయ్' అంటూనే ఉన్నాను. ఆయన పలికేవాడు. 'పాపా' అని మాత్రం మళ్ళీ పిలవలేదు. ఎక్కడికి వెళ్ళినా ఆయన సంచిలో స్పిరిట్ సీసా ఉండేది. శనివారం సాయంత్రం నేను లేచే వేళకి మాటా పలుకూ లేకుండా తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవాడు. రిటైరయ్యే వరకూ ఏ శనివారమూ తప్పలేదు. అది నన్ను సాధించడానికి కాదు. ఇంకో వాగు పోకూడదని.

పలకలు పరవడం రెండేళ్ళకి మొదలైందని విన్నాను. అటువైపు పని పడకుండా చూసుకున్నాను. మ్యాపుల్లో ఆ మూల ఉన్న కాగితం వస్తే గబుక్కున తిప్పేసేదాన్ని.

రిటైరైన కొన్నాళ్ళకి బాబాయి జబ్బుపడ్డాడు. వెళ్ళి చూసి రావాలి, తప్పు నాదని ఒకసారి చెప్పాలి అనుకుంటూనే ఉన్నాను. పరీక్షలని, ఆడిటని, వానలని వాయిదా వేశాను. పోయాడని కబురు వచ్చాక వెళ్ళాను. మునిసిపల్ క్వార్టర్స్ ముందు గుడారం కింద పడుకోబెట్టారు. కాళ్ళు దుప్పటి బయటికి ఉన్నాయి. వేళ్ళ మధ్య పుండ్ల మచ్చలు అలాగే ఉన్నాయి. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది.

"మీరేనేటమ్మా? ఇంటికాడ రోజూ మీ మాటే. మా పాప ఇయ్యాల ఇది కనిపెట్టినాది, మా పాప అది రాసినాది అనేవోడు."

ఇంట్లో నన్ను పాపా అంటూనే ఉన్నాడన్నమాట, చివరిదాకా. నేను అక్కడ నిలబడలేకపోయాను. గుడారం వెనక్కి వెళ్ళి, గోడ పట్టుకుని ఏడ్చాను. ఎవరికి క్షమాపణ చెప్పాలో వాళ్ళు ఉండగానే చెప్పండి. ఇది మీ ఉద్యోగానికి సంబంధించిన సలహాయే.

మాలతి

పోయిన చలికాలం, నేనూ రిటైరయ్యాక, ఆ వాగు దగ్గరికి వెళ్ళాను. మెట్రో దిగి ఆటో ఎక్కాను, శాలుక్‌ఖాల్ అంటే ఆటో అతనికి తెలియలేదు. పలకల రోడ్డు అంటే తెలిసింది. రెండు వైపులా మూడంతస్తుల ఇళ్ళు, మధ్యలో పలకల రోడ్డు. అక్కడక్కడ ఇనప చువ్వల కన్నాలు. ఒకదాని మీద వంగి చూశాను. కింద నల్లగా ఏదో కదులుతోంది. వాసన చూడగానే తెలిసింది, ఇక ట్రే అక్కర్లేదు.

రోడ్డు పక్కన కూరగాయలు పెట్టుకుని ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. ఒకామె నన్నే చూస్తోంది. జుట్టు నెరిసింది, ఒళ్ళు వచ్చింది. గొంతు మారలేదు.

"వల పట్టుకుని వచ్చిన దీదీ కదూ?"

మాలతి తన కింద ఉన్న గోనెపట్టా సగం జరిపి నన్ను కూర్చోమంది. తన రేవు సరిగ్గా ఇక్కడే ఉండేదని పలక మీద అరచేత్తో కొట్టి చూపించింది. నీళ్ళు చెడిపోయాయని సర్కారు రాసిందని తెలిశాక బజారులో ఆమె గుగ్లీలు ఎవరూ కొనలేదట. గట్టు జనం కూడా, ఎలాగూ చచ్చినదేగా అని, చెత్త తెచ్చి అందులోనే పొయ్యడం మొదలుపెట్టారట. తను కేకలేస్తే నవ్వేవాళ్ళట. పలకలు వేసేనాటికి అది నిజంగానే చచ్చిపోయింది.

"నువ్వు చెప్పాక నేను సబ్బు మానేశాను దీదీ" అంది. "ఆ రోజు నుంచే బూడిదతో తోమాను. ఇంట్లోవాళ్ళ చేతా మాన్పించాను. కానీ అంతకు ముందు ఎన్నేళ్ళు తోమానో కదా. పాసవుతుందని నువ్వే అన్నావు, అయినా పాసవలేదు. అంటే నా సబ్బు వల్లే కదా. మా అత్త పోయేదాకా అదే మాట అంది, పచ్చటి ఖాల్‌ని చేతులారా చంపుకున్నావే అని. ఈ వరసలో వాళ్ళు ఇప్పటికీ అంటారు."

నేను తప్పు రాశానని నాకు తెలుసు. నీళ్ళు పోయాయని తెలుసు. ఆమె జీవనం పోయి ఉంటుందని కూడా ఊహించాను. ఇది మాత్రం ఊహించలేదు. సంచి భుజానికి తగిలించుకుంటూ అనేసిన ఒక మాటని ఆమె ఇన్నేళ్ళు మోసింది.

అప్పుడు చెప్పాను. శనివారం సంగతి, మూతల సంగతి, స్పిరిట్ సంగతి, మళ్ళీ వెళ్దామన్న మనిషిని నేను ఆపేసిన సంగతి, అన్నీ. నాకు వచ్చిన బెంగాలీలో, తడబడుతూ. ఆమె చేతిలో వంకాయ పట్టుకుని కదలకుండా విన్నది.

"అయితే ఆ రోజుకి అది బతికే ఉందా?"

"ఉంది మాలతీ. బాగా ఉంది."

"సబ్బు వల్ల కాదా?"

"కాదు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె వంకాయ కింద పెట్టి లేచి, పక్కన కూర్చున్న వాళ్ళనీ, ఎదుటి వరసలో ఉల్లిపాయలమ్మే ముసలామెనీ చేతులూపి పిలిచింది. బేరాలు వదిలేసి నలుగురైదుగురు వచ్చి నా చుట్టూ నిలబడ్డారు. మాలతి నా మోచెయ్యి పట్టుకుని లేపింది.

"దీదీ, ఇప్పుడు నాతో అన్నావే, అది వీళ్ళతో చెప్పు. గట్టిగా చెప్పు" అంది.

ఆ పలకల మీద నిలబడి, అందరికీ వినపడేలా చెప్పాను. ఈ ఖాల్‌ని చంపింది మాలతి కాదు, నేను అని.